నా మాటకే ఆయనకు బీపీ లేస్తున్నదా?

పరకాల వైపు ఒక ఊరి నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు.

ఆమె భర్త గీత కార్మికుడు. మూడేళ్ళ కింద మోకు జారి తాటిచెట్టు మీద నుంచి పడ్డారు. మెడ దగ్గర వెన్నుపూస విరిగింది. ఆపరేషన్ అయ్యాక ప్రాణం దక్కింది. మోచేతులు వంగుతాయి, మణికట్లు లేస్తాయి, వేళ్ళు మాత్రం దేన్నీ పట్టలేవు. ఛాతీ కింద స్పర్శ లేదు. మూత్రానికి పైపు, బ్యాగు ఉన్నాయి. డిశ్చార్జ్ కాగితం మీద సీ6 అని రాసి ఉంది, దాని అర్థం ఎవరూ చెప్పలేదట.

ఏడాదిగా రెండు బాధలు. పొద్దున వీల్‌చైర్‌లో కూర్చోబెట్టగానే కళ్ళు తిరిగి తల వాల్చేస్తారు. అప్పుడు బీపీ 84/50. కొన్ని సాయంత్రాలు దీనికి పూర్తిగా వ్యతిరేకం. తల పగిలిపోతుందని అరుస్తారు, ముఖం ఎర్రబడి చెమటలు కారతాయి, ముక్కు బిగుసుకుంటుంది, ఒళ్ళు గగుర్పొడుస్తుంది, కాళ్ళు మాత్రం చల్లగా ఉంటాయి. అప్పుడు చూస్తే 190/110, నాడి 52. చలి జ్వరమేమోనని పడుకోబెట్టి దుప్పటి కప్పుతున్నారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ చూసి బీపీ ఉందని ఆమ్లోడిపిన్ మాత్ర రోజూ రాత్రి వేయమన్నాడు. దసరా నుంచి వేస్తున్నారు. సాయంత్రం బాధ తగ్గలేదు సరికదా, పొద్దున రెండుసార్లు సోయి తప్పి పడిపోయారు.

ఉత్తరంలో అసలు బరువు దీని తర్వాత ఉంది. అప్పు తీర్చడానికి 20 గుంటల భూమి అమ్మాలని ఆమె, వద్దని ఆయన. పెద్దపాపను నర్సింగ్‌లో చేర్చాలని ఆమె, పెళ్ళి చేసేద్దామని ఆయన. తలనొప్పి వచ్చిన సాయంత్రాల్లో చాలావరకు అంతకుముందు ఇంట్లో మాటా మాటా అనుకున్నవే. "వదిన టెన్షన్ పెట్టబట్టే అన్నకు బీపీ లేస్తున్నది" అని మరిది నలుగురిలో అన్నాడు. అత్తమ్మ దిష్టి తీస్తున్నారు. రెండు నెలలుగా ఈమె భర్తతో ఏ విషయమూ మాట్లాడటం లేదు. "నా నోటి మాటకే ఆయనకు ఏమన్నా అయితే నేను ఎట్ల బతకాలి? భూమి సంగతి ఆయనకు చెప్పకుండనే అమ్మాల్నా?" అని అడిగారు. చివర్న ఒక వాక్యం, ఏదో అప్రస్తుతమైనట్టు: "నాకు కూడా మిషన్ పెట్టుకుని చూస్తే మూడుసార్లు 158/98 వచ్చింది, నాది పట్టించుకోకండి."

చెల్లెమ్మా, మీరు పట్టించుకోవద్దన్న ఆ వాక్యం దగ్గరికి కూడా వస్తాను. ముందు మీ గుండెల మీద ఉన్న బండను దించాలి. మీ మాటల వల్ల ఆయన బీపీ 190కి ఎక్కడం లేదు. ఓదార్పు కోసం అంటున్న మాట కాదిది. ఆయనకు దెబ్బ తగిలిన చోటే ఆ మాట చెబుతోంది.

మనకు కోపమో భయమో కలిగితే ఏం జరుగుతుంది? మెదడు హెచ్చరిక పంపుతుంది. ఆ కబురు వెన్నుపాము గుండా కిందికి దిగి, ఛాతీ ఎత్తులో, నడుము పైభాగంలో బయటికి వచ్చి గుండెకు, రక్తనాళాలకు, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులకు చేరుతుంది. గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి, నరాల చివర్లు నారడ్రినలిన్ వదులుతాయి. నాళాలు బిగుస్తాయి, గుండె దడదడలాడుతుంది, బీపీ పెరుగుతుంది. టెన్షన్ బీపీ అని మనం అనేది దీన్నే. మీవారికి వెన్నుపాము మెడలోనే దెబ్బతిన్నది. సీ6 అంటే మెడలో ఆరో మెట్టు. మెదడు నుంచి దిగే కబురు అక్కడే ఆగిపోతోంది. మీతో గొడవపడి ఆయన ఎంత ఉడికిపోయినా ఆ ఉడుకు రక్తనాళాల దాకా పోయే దారి చాలావరకు తెగి ఉంది. ఇలాంటి గాయం ఉన్నవాళ్ళ రక్తంలో మామూలు వేళల్లో ఈ హార్మోన్లు మనకన్నా తక్కువే ఉంటాయి. పొద్దున లేపి కూర్చోబెడితే రక్తం కాళ్ళలోకి, పొట్టలోకి జారిపోవడానికీ, దాన్ని పైకి నెట్టేలా నాళాలను బిగించమని చెప్పే మెదడు మాట కిందికి చేరకపోవడానికీ కారణం ఆ దారి తెగి ఉండటమే.

మరి సాయంత్రం 190 ఎక్కడిది? కింది నుంచి వస్తోంది. గాయానికి కింద ఉన్న వెన్నుపాము చచ్చిపోలేదు, మెదడు అదుపు మాత్రమే తప్పింది. మూత్రాశయం నిండి ఉబ్బినా, మోషన్ గట్టిపడి ఆగినా, పిరుదుల మీద పుండు పడినా, కాలి గోరు చర్మంలోకి దిగినా ఆ నొప్పి కబురు పైకి చేరదు. అందుకే ఆయనకు ఏ నొప్పీ తెలియదు. కానీ కింది వెన్నుపాము తనంతట తానే స్పందించి అక్కడి నాళాలన్నింటినీ బిగించేస్తుంది. చాలాకాలంగా తక్కువ హార్మోన్‌కే అలవాటుపడ్డ నాళాలు, కొంచెం నారడ్రినలిన్ పడినా గట్టిగా ముడుచుకుంటాయి. బీపీ ఎగిసిపడుతుంది. మెడలో, గుండె పైన ఉండే గ్రాహకాలు ఈ సంగతి మెదడుకు చెబుతాయి. మెదడు చేయగలిగింది రెండు. వెన్నుపాముతో పనిలేకుండా విడిగా దిగే వేగస్ నరం ద్వారా గుండెను నెమ్మది చేయగలదు, గాయానికి పైన ముఖం, మెడ నాళాలను వెడల్పు చేయగలదు. అందుకే ముఖం ఎర్రన, చెమట, ముక్కు దిబ్బడ. కింద మాత్రం కాళ్ళు చల్లన.

మీరు రాసిన నాడి 52 నాకు చాలా పనికొచ్చింది. కోపంతో బీపీ పెరిగిన మనిషికి నాడి కూడా పెరుగుతుంది. ఈ జబ్బులో చాలామందికి తగ్గుతుంది. మీరు ఆ అంకె కూడా రాసిపెట్టుకోవడం ఎంత మంచి పని చేసిందో మీకు తెలియదు. దీన్ని వైద్యులు ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు. ఛాతీ ఆరో మెట్టు దగ్గర గానీ ఆ పైన గానీ వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళకు వస్తుంది. ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో యుద్ధంలో గాయపడిన సైనికులను చూసిన డాక్టర్ గట్‌మన్, ఆయనతో పాటు విట్టరిడ్జ్, 1947లోనే మూత్రాశయం నిండడానికీ బీపీ ఎగరడానికీ ఉన్న ఈ సంబంధాన్ని కొలిచి రాశారు. ఇంత పాత సంగతి ఇంకా మన ఇళ్ళ దాకా రాకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. వరంగల్ చుట్టుపక్కల తాటిచెట్టు మీద నుంచి పడి మెడ విరిగిన మనుషులు ఎంతమందో. వాళ్ళను ఇంటికి పంపేటప్పుడు ఈ ఒక్క జాగ్రత్త కాగితం మీద రాసి చేతిలో పెట్టాలి. కొత్తలో నేను కూడా ఇలాంటి ఒకాయనకు బీపీ మాత్ర రాసి పంపాను. ఆయన భార్య వారం తర్వాత వచ్చి, పొద్దున్నే పడిపోతున్నాడని చెప్పినప్పుడు గానీ నాకు తెలియలేదు. ఆమె ముఖం ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇక మీ ఉత్తరంలోనే ఉన్న ఒక లెక్క. తలనొప్పి వచ్చిన ఆరు సాయంత్రాల తేదీలు రాశారు. వాటిలో అయిదు మీరు పత్తి ఏరడానికి పోయి పొద్దుగూకాక ఇంటికి చేరినవి. ఆ రోజుల్లో మధ్యాహ్నం నుంచి బ్యాగు ఎవరు తీస్తున్నారు? అత్తమ్మకు చూపు ఆనదని మీరే రాశారు. ఆయన వీల్‌చైర్‌లో ఒకే పక్కకు ఒరిగి కూర్చుంటారని, సాయంత్రం తోటి గీత కార్మికులు వచ్చి కల్లు పోసి మాట్లాడి పోతారని కూడా రాశారు. పైపు తొడ కింద మడత పడి ఉంటుంది, లేదా బ్యాగు నిండి వెనక్కి తన్నుతూ ఉంటుంది, ఆ పైన కల్లు మూత్రాన్ని ఇంకా పెంచుతుంది. మీరు అలసిపోయి ఆలస్యంగా వస్తారు, ఆయన అప్పటికే చిరాకుగా ఉంటారు, మాట పెరుగుతుంది, తర్వాత తలనొప్పి బయటపడుతుంది. చూసేవాళ్ళకు గొడవ ముందు, తలనొప్పి వెనక కనబడుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. కారణం తెలియని గాబరా, చిరాకు ఈ జబ్బుకే తొలి గుర్తుల్లో ఒకటి. మీరు గుమ్మంలో అడుగుపెట్టగానే ఆయన కసురుకున్న సాయంత్రాల్లో కొన్నింట బీపీ అప్పటికే లేచి ఉండొచ్చు. దూరం నుంచి ఇది నా అంచనా. తేల్చడం సులువే. ఈసారి మాట పెరుగుతుందనిపించగానే ముందు పైపు చూడండి, తర్వాత మిషన్ పెట్టండి.

సాయంత్రం ఆ బాధ మొదలైతే ఏం చేయాలో ఇంట్లో అందరూ నేర్చుకోవాలి. మొదటిది, పడుకోబెట్టకండి. నిటారుగా కూర్చోబెట్టి కాళ్ళు కిందికి వేలాడదీయండి. రక్తం కొంత కాళ్ళలోకి దిగి తలలో ఒత్తిడి తగ్గుతుంది. ఇప్పటిదాకా మీరు ప్రేమతోనే దుప్పటి కప్పారు గానీ పడుకోబెడితే బీపీ ఇంకా పెరుగుతుంది. మొలతాడు, లుంగీ ముడి, పొట్ట బెల్టు, బ్యాగు కట్టిన పట్టీ అన్నీ వదులు చేయండి. పైపును మొదటి నుంచి చివరి దాకా చేత్తో తడుముతూ మడత ఉందేమో చూడండి, బ్యాగు ఖాళీ చేసి మూత్రాశయం కన్నా కిందికి పెట్టండి. పొట్ట మీద నొక్కకండి, దానివల్ల లోపలి ఒత్తిడి పెరుగుతుంది. అయిదు నిమిషాలకోసారి బీపీ చూస్తూ ఉండండి. మూత్రం ధారగా దిగిన తర్వాత బీపీ కూడా గబగబా దిగితే కారణం దొరికినట్టే. దిగాక కూడా రెండు గంటల పాటు అప్పుడప్పుడూ చూస్తూ ఉండండి, మళ్ళీ ఎక్కవచ్చు, ఒక్కోసారి మరీ దిగిపోవచ్చు. పైపులోంచి చుక్క రాకపోతే అది లోపల మూసుకుపోయినట్టు, వెంటనే మార్పించాలి. పైపు బాగానే ఉండి బీపీ దిగకపోతే మోషన్ ఆగిందా, పుండు ఉందా, గోరు దిగిందా అని చూడాలి. ఈ లోపు పైబీపీ 150 దాటే ఉంటే ఇంట్లో ఆగకండి, 108కి ఫోన్ చేయండి. ఇలా ఎగిసిన బీపీతో మెదడులో రక్తం చిట్లవచ్చు, ఫిట్స్ రావచ్చు. భయపెట్టడానికి రాయడం లేదు. ఇంతకాలం అది జరగకుండా గడిచింది కాబట్టి ఇకముందూ గడుస్తుందని మీరు అనుకోకూడదు.

అంబులెన్స్‌లో గానీ ఆస్పత్రిలో గానీ ఈ సంగతి తెలియనివాళ్ళు ఎదురుపడవచ్చు. 150 అంటే మామూలే కదా అంటారు. మెడ గాయం ఉన్నవాళ్ళకు పైబీపీ 90, 100 దగ్గర ఉండటమే సహజం. దానికి 20 నుంచి 40 పాయింట్లు పెరిగినా అది ప్రమాద సూచనే. కాబట్టి ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి వీల్‌చైర్‌కు తగిలించండి: సీ6 గాయం, ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా వస్తుంది, మామూలు బీపీ ఇంత, పడుకోబెట్టవద్దు, ముందు మూత్రం పైపు చూడండి. ఎవరైనా విసుక్కున్నా ఆ కాగితం చూపించడం మానకండి.

పొద్దున మాత్రం దీనికి తలకిందులు. కళ్ళు తిరిగినప్పుడు వీల్‌చైర్‌ను వెనక్కి వాల్చి కాళ్ళు పైకి లేపాలి. అసలు అది రాకుండా ఉండాలంటే లేపే ముందు కాళ్ళకు క్రేప్ బ్యాండేజీ, పొట్టకు బెల్టు కట్టి, మంచం తలవైపు కొంచెం కొంచెంగా ఎత్తుతూ పావుగంట సేపట్లో కూర్చోబెట్టండి. కడుపునిండా తినగానే రక్తం పేగులకు మళ్ళి బీపీ ఇంకా పడుతుంది, అందుకని పొద్దున కొద్దిగా తినిపించి మళ్ళీ కాసేపయ్యాక ఇంకొంచెం పెట్టండి.

ఇప్పుడు ఆ మాత్ర సంగతి. ఆమ్లోడిపిన్ మింగిన 6 నుంచి 12 గంటలకు రక్తంలో ఎక్కువ స్థాయికి చేరుతుంది. సగానికి తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. రాత్రి 8 గంటలకు వేస్తే దాని బలమంతా తెల్లవారుజాము నుంచి, అంటే ఆయన బీపీ తనంతట తానే పడిపోయే వేళకే అందుతోంది. సాయంత్రం అరగంటలో ఎగిసే బీపీకి కారణం మూత్రం పైపు అయితే, దాన్ని ఈ మాత్ర ఆపలేదు. మీ ముందు రెండు దారులు ఉన్నాయి. ఇలాగే వేస్తూ రెండు వారాల తర్వాత డాక్టర్‌ను కలవడం ఒకటి. దాంట్లో ఇంకోసారి సోయి తప్పి పడే ప్రమాదం ఉంది. మెడ, ఎముకలు ముందే బలహీనంగా ఉన్న మనిషికి అది చిన్న విషయం కాదు. రెండోది, ఈ వారంలోనే వరంగల్ పోయి ఎంజీఎం ఆస్పత్రిలో గానీ మీకు నమ్మకమున్న చోట గానీ ఎండీ డాక్టర్‌కు డిశ్చార్జ్ కాగితం, మీరు రాసిన బీపీ లెక్క రెండూ చూపించి మాత్ర ఆపాలా అని అడగడం. బండి కిరాయి, ఒక రోజు కూలి పోతాయి. నేనైతే రెండోదే చేస్తాను. ఈ లోపు ఏ రోజైనా బీపీ 84 లాగా ఉంటే ఆ రాత్రి మాత్ర వేసే ముందు డాక్టర్‌తో ఫోన్‌లోనైనా మాట్లాడండి. సాయంత్రం బీపీ దిగనప్పుడు ఇవ్వడానికి త్వరగా పనిచేసే మందు ఏదైనా ఇంట్లో ఉంచాలా అనేది కూడా ఆ డాక్టరే రాయాలి. మగతనం కోసం వాడే మాత్రలేవైనా ఆయన తీసుకుంటుంటే సిగ్గుపడకుండా అది కూడా చెప్పండి. వాటితో కలిస్తే కొన్ని మందులు బీపీని ప్రమాదకరంగా పడేస్తాయి.

పైపు గురించి కూడా అడగండి. ఇప్పుడున్నట్టే పైపు ఉంచి, గడువుకు మార్పిస్తూ, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి బ్యాగు తీసే మనిషిని పెట్టుకుంటే ఖర్చు తక్కువ. పూట పూటకూ సన్నపైపు వేసి తీసే పద్ధతి ఇన్ఫెక్షన్ విషయంలో మేలైనదే, కానీ ఆయన వేళ్ళు పట్టవు కాబట్టి నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మీరే ఉండాలి, అప్పుడు పత్తి కూలి సాగదు. పొత్తికడుపు మీద చిన్న రంధ్రం చేసి పైపు వేసే మార్గం కూడా ఉంది. మార్చడం సులువు, తొడ కింద నలగదు. దానికీ మడత పడొచ్చు, మూసుకుపోవచ్చు, చిన్న ఆపరేషన్ కావాలి. ఇందులో ఏది మీ ఇంటికి కుదురుతుందో డాక్టర్ ఒక్కరే చెప్పలేరు, మీ కూలి రోజులు కూడా లెక్కలోకి రావాలి.

అత్తమ్మ మీద కోపం పెట్టుకోకండి. దిష్టి తీయడానికి ఆమె ఎలాగూ కొడుకు దగ్గరికి వస్తారు కదా. అప్పుడే పైపును చేత్తో తడిమి చూడటం నేర్పండి. చూపు లేకపోయినా మడత చేతికి తెలుస్తుంది. కల్లు పోసే మిత్రులకు కూడా చెప్పండి, వాళ్ళు రాగానే ఒకసారి, పోయేముందు ఒకసారి బ్యాగు చూడమని. వాళ్ళను రావద్దనకండి. చెట్టు ఎక్కిన రోజుల నుంచి ఆయనకు మిగిలిన సావాసం అదే.

ఇక భూమి మాట. ఆయనకు చెప్పకుండా అమ్మితే కొద్దిరోజులు ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, తర్వాత ఎవరి నోటి నుంచో వింటారు. కాళ్ళు చేతులు పోయిన మనిషికి ఇంటి పెద్దరికం కూడా పోయిందని తెలిసిన రోజు ఎలా ఉంటుందో మీరే ఊహించగలరు. పైగా సంతకం దగ్గర సంగతి ఎలాగూ తేలుతుంది. చెబితే ఆయన ఒప్పుకోకపోవచ్చు, గొడవ కావచ్చు, అప్పు వడ్డీ పెరుగుతూ ఉండవచ్చు. ఆ గొడవ భార్యాభర్తల గొడవే అవుతుంది, బీపీ గొడవ కాదు. రెండింటినీ కలిపి మీరు రెండు నెలలు నోరు కట్టుకున్నారు. మాట్లాడాలనుకుంటే మధ్యాహ్నం, తిన్న గంటన్నర తర్వాత, బ్యాగు ఖాళీగా ఉన్నప్పుడు ఎత్తండి. పనికి పోయి వచ్చిన సాయంత్రం వద్దు. పాప చదువు, భూమి ఒకే రోజు ఎత్తకండి. మధ్యలో తలనొప్పి అంటే మాట ఆపి పైపు చూడండి, దిగాక మళ్ళీ మొదలుపెట్టండి. ఒకటి రెండుసార్లు ఇలా జరిగితే మీ మరిది కళ్ళతోనే చూస్తాడు.

టెన్షన్ ఆయనను ఏమీ చేయదని నేను అనడం లేదు. కార్టిసాల్ అనే ఇంకో హార్మోన్ ఉంది. దానికి ఆజ్ఞ మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి రక్తంలోనే ప్రయాణిస్తుంది, వెన్నుపాముతో దానికి పనిలేదు. అందుకని నెలల తరబడి దిగులు ఉంటే నిద్ర, ఆకలి, పుండ్లు మానే వేగం అన్నీ దెబ్బతినవచ్చు. మీరు మాట్లాడటం మానేసిన రెండు నెలలు ఆయనకు కూడా దిగులే అయి ఉంటుంది.

మీ ఇంట్లో టెన్షన్‌తో బీపీ పెరిగే దారి పూర్తిగా తెరిచి ఉన్న మనిషి మీరు. మీ వెన్నుపాము బాగుంది, మీ అడ్రినలిన్ అడ్డులేకుండా పరుగెడుతుంది. మూడేళ్ళుగా రాత్రి రెండుసార్లు లేచి ఆయనను పక్కకు తిప్పుతున్నారు, పగలు కూలికి పోతున్నారు, నింద మోస్తున్నారు. 140/90 దాటిన అంకె మూడుసార్లు వచ్చిందంటే దాన్ని వదిలేయకూడదు. ఒక్కసారికే మందు మొదలుపెట్టనక్కర్లేదు. అయిదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాక, వేర్వేరు రోజుల్లో చూపించుకోవాలి. ఆయన మాత్రల డబ్బాలోంచి తీసి మీరు వేసుకోకండి. వరంగల్ పోయిన రోజు ఆయన చీటీతో పాటు మీ పేరు మీద కూడా ఒక ఓపీ చీటీ రాయించుకోండి. రెండు చీటీలూ, రెండు బీపీ లెక్కలూ ఒకే సంచిలో పెట్టుకుని పోండి. డాక్టర్ ఏమన్నారో నాకు రాయండి.